ఇప్పచెట్టు కింద నిప్పు

భద్రాద్రిలో రాములవారి పెళ్లికి చలువ పందిళ్లు పడే రోజులవి. సరిగ్గా అప్పుడే చర్ల, దుమ్ముగూడెం, గుండాల అడవుల్లో ఇప్పచెట్లు ఆకులన్నీ రాల్చేసి పూత మీద ఉంటాయి. కోడి కూయకముందే కోయగూడేల్లో ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలు పట్టుకుని బయల్దేరతారు. ఇప్పపువ్వు రాలేది రాత్రివేళ, తెల్లవారుజామునే మరి. కాస్త ఆలస్యమైతే పశువులో, ఎలుగుబంటో ముందొచ్చి తినేసి పోతాయి!

ఏ చెట్టు ఎవరిదో గూడెంలో అందరికీ తెలుసు. తాతల నాటి నుంచీ ఫలానా చెట్టు ఫలానా ఇంటిదంతే. పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్పచెట్టు జోలికి పోరు. ఎందుకు పోతారు? ఎండబెట్టిన పువ్వు కరవు రోజుల్లో కడుపు నింపుతుంది. పండగొస్తే సారా అవుతుంది. సంతకు తీసుకెళితే ఉప్పూ పప్పూ తెస్తుంది. తొలకరి నాటికి కాయలు పండితే గింజల్లోంచి నూనె. వంటకీ దీపానికీ అదే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే సరకుల్లో ఇప్పపువ్వుకీ ఇప్పగింజకీ ఎప్పట్నుంచో చోటుంది.

ఇంత అపురూపంగా చూసుకునే చెట్టుకి ఓ చిక్కొచ్చిపడింది. అదీ చూసుకునే చేతుల్లోంచే.

పువ్వు రాలే వేళకి చెట్టు కింద నేలంతా ఎండుటాకులే. వాటి మధ్య పువ్వు కనిపించదు. పైగా పాములూ తేళ్ల భయం. ఊడ్చాలంటే గంటలు పడుతుంది, అగ్గిపుల్లకు నిమిషం చాలు. దాంతో ఆకులు తగలబెడతారు. కానీ వేసవి గాలికి ఆ నిప్పు చెట్టు కిందే ఆగదు, గుట్టెక్కుతుంది. అడవి కాలడానికి ఇదొక్కటే కారణం కాదు కానీ, ఇదీ ఒక కారణం. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం కూడా.

పెద్ద చెట్టుకి ఆ మంట ఓ లెక్క కాదు. మాడిపోయేది పిల్లమొక్క. అసలే గింజల్లో చాలావరకు నూనెకు పోతాయి. ఏరేవాళ్ల కళ్లుగప్పి నేలలో పడ్డ నాలుగు గింజలు వానలకు మొలకెత్తుతాయి. ఆ మొలక మొదటి వేసవైనా దాటకుండానే బూడిదవుతుంది. దాటితే, అది పూతకు రావడానికి మరో పదేళ్లయినా కావాలి. అలా తాతలు పూస్తూనే ఉంటారు, మనవలు మాత్రం పుట్టరు.

ఈ బాధ ఇప్పచెట్టు ఒక్కదానిదే కాదు. అమెజాన్ అడవుల్లో బ్రెజిల్ నట్ చెట్లను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2003లో ఇలాంటి సంగతే బయటపెట్టారు. దశాబ్దాల తరబడి కాయలన్నీ ఏరుకుపోయిన చోట ముసలి చెట్లే మిగిలాయట!

మరి దారేంటి? పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల చెట్ల కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు. నిప్పుతో పని లేదు. మట్టి అంటని పువ్వు కాబట్టి తినుబండారాలు చేసేవాళ్లు ఇష్టంగా కొంటారు. వల లేకపోతే పాత చీరలు పరిచినా, చెట్టు చుట్టూ చీపురుతో ఊడ్చినా సరిపోతుంది. కాకపోతే ఆ వల ఖర్చో, ఊడ్చే కష్టమో గూడెం ఆడవాళ్ల నెత్తిన మాత్రమే పడకూడదు. పువ్వుకి దక్కే ధరలో అది కనిపించాలి.

2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద గిరిజనులకు హక్కిచ్చింది. అడవిని కాపాడుకునే బాధ్యతనూ వాళ్ల గ్రామసభకే అప్పగించింది. అందుకని ఈ మాట ఫారెస్టు ఆఫీసులో కన్నా గ్రామసభలో తేలితేనే నిలుస్తుంది.

కొత్తపంట ఏదైనా సరే, పండగ చేసి దేవతకు పెట్టనిదే కోయలు నోట పెట్టరు. ముందుగా ఒక వాటా తీసి పక్కన పెట్టడం వాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఈ తొలకరికి ఆ వాటాల్లో నాలుగు గింజలు నేలకు కూడా చేర్చాలి. వచ్చే వేసవికి అగ్గిపెట్టెను పొయ్యి దగ్గరే వదిలి వెళ్లాలి.