భుజాలు వచ్చేస్తాయట!

ఆడవాళ్ళకు భుజాలు రాకూడదట. ఈ శాసనం ఎవరు చేశారో, ఏ తాళపత్రాల్లో ఉందో గానీ, మా తిరుపతిలో ఒక వ్యాయామశాలలో (ఆ మాట ఇప్పుడెవరికీ పట్టదు, ‘జిమ్ము’ అనాలి) పాతికేళ్ళు నిండని కోచ్ అబ్బాయి నాకు చదివి వినిపించాడు. మూలన ఉన్న రోయింగ్ మిషన్, అదే, కూర్చుని పడవ లాగినట్టు లాగే యంత్రం చూపించి, “అది నేర్పించు నాయనా” అన్నాను. అంతే. “అది మీకొద్దు మేడమ్, జెంట్స్ చేస్తారు. మీకు భుజాలు వచ్చేస్తాయి. మీరు ట్రెడ్‌మిల్ మీద నడవండి, వెయిట్ తగ్గుతారు” అన్నాడు.

చూశారా తమాషా! బావిలో నీళ్ళు చేది, బిందెలు మోసి మనల్ని పెంచిన తల్లులకు భుజాలు లేవా? నెత్తిన కూరగాయల గంపతో తెల్లారేసరికి మార్కెట్టుకు చేరే ఆవిడ దేనితో మోస్తోందనుకున్నారు? గ్యాస్ సిలిండరును వంటింట్లోకి దొర్లించేటప్పుడు మన భుజాల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మన ఒంటి కోసం మనం అడిగినప్పుడే అవి అందవికారం అయిపోతాయి. మగవాడికి బలం, ఆడదానికి బరువు తగ్గడం. ఒకే గదిలో ఒకే ఫీజుకు రెండు రకాల సరుకు!

పైగా నాకు దయతో ఇవ్వజూపిన ఆ ట్రెడ్‌మిల్ పుట్టుపూర్వోత్తరాలు వినండి. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైళ్ళలో ఖైదీల చేత తొక్కించడానికి ఒక పెద్ద చక్రం తయారుచేశాడు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటారు. ‘ట్రెడ్‌మిల్’ అన్న పేరు దానిదే. నడక చెడ్డదని నేననడం లేదు. వంటింటికీ హాలుకీ మధ్య నడిచి నడిచి వచ్చినదానికి మళ్ళీ నడకే మందంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఈ ‘మీకొద్దు’ అన్న మాట మన తిరుపతిలో పుట్టిందనుకోకండి. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ పడవ పందాలు 1900లోనే మొదలయ్యాయి. ఆడవాళ్ళను రానిచ్చింది 1976లో, మాంట్రియల్‌లో. రానిచ్చారు గానీ మగవాళ్ళకు 2000 మీటర్లయితే ఆడవాళ్ళకు 1000 మీటర్లే. పాపం, సుకుమారులు, మధ్యలో సొమ్మసిల్లుతారేమోనని! 1984 ఒలింపిక్స్ దాకా అదే లెక్క. 1988లో సియోల్‌లో ఆడవాళ్ళూ 2000 మీటర్లు లాగారు. సముద్రమేమీ పొంగలేదు, ఎవరూ సొమ్మసిల్లలేదు.

“బాగుందమ్మా, స్వర్ణముఖిలో ఇసుకే గానీ నీళ్ళెక్కడివి, చిత్తూరు నీవా నది సంగతీ అంతే, మన సీమకూ పడవకూ ఏమిటి సంబంధం?” అని మీరడగవచ్చు. ఇప్పుడు చాలా జిమ్ముల్లో కనిపించే గాలి చక్రం రకం యంత్రాన్ని అమెరికాలో డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు 1981లో సైకిలు చక్రంతో తయారుచేసి అమ్మారు. వాళ్ళుండే వెర్మాంట్‌లో చలికాలం నీళ్ళు గడ్డకట్టి పడవ దిగదు. వాళ్ళ ఏరు గడ్డకడుతుంది, మన ఏరు ఎండుతుంది. అంచేత ఆ యంత్రం వాళ్ళ కన్నా మనకే ఎక్కువ అవసరం!

అసలది ఎలా పనిచేస్తుందో మన చిత్తూరు పల్లెల్లో పుట్టినవాళ్ళకు చెప్పడం సులభం. కరెంటు మోటార్లు రాకముందు మన బావుల మీద కపిల ఉండేది, గుర్తుందా? నీళ్ళ బానను పైకి లాగేది మోకు అనుకుంటాం. కాదు, పల్లానికి దిగే ఎద్దుల కాళ్ళు. మోకు ఆ బలాన్ని చేరవేస్తుందంతే. ఈ యంత్రమూ అంతే. చేతిలో పిడి, పిడికి గొలుసు, గొలుసు చివర గాలి చక్రం. లాగేది చేతులనుకుంటాం గానీ సగానికి పైగా బలం కాళ్ళది. కాళ్ళతో పలకను తన్నాలి, తరవాత నడుం కొద్దిగా వెనక్కి వాలాలి, ఆఖరున పిడిని పొట్ట పైభాగానికి తెచ్చుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు వరస తారుమారు: ముందు చేతులు, తరవాత నడుం, తరవాత మోకాళ్ళు. ఎంత గట్టిగా తన్నితే గాలి అంత ఎదురు తిరుగుతుంది. మెల్లగా లాగితే మెల్లగా ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్ళకన్నా నయం!

ఇక మన ఆడవాళ్ళే చెప్పే అభ్యంతరాలు. మా వీధిలో ఒకావిడ, నన్ను వదినా అని పిలుస్తుంది, నిలదీసింది: “ఈ వయసులో నీకీ అగచాట్లేల వదినా? పొద్దస్తమానం ఇంట్లో పని చేస్తానే ఉండాం గదా, అది చాల్దా?”

ఇంటిపని లెక్కలోకి రాదని నేననను. రుబ్బురోలూ, తిరగలీ, బావిచేదా ఉన్న రోజుల్లో అయితే నోరు మూసుకునేదాన్ని. కానీ మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మిషను వచ్చాక ఇంటిపనిలో మిగిలిందేమిటి? నిలబడటం, వంగటం, విసుక్కోవటం. అలసట ఉంది, కానీ గుండె పది నిమిషాలు ఏకధాటిగా వేగంగా కొట్టుకునే పని ఏదీ? పప్పు పొయ్యి మీద పెట్టేలోపు కాలింగ్ బెల్లు, బెల్లు తీసేలోపు కుక్కర్ విజిల్. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వచ్చిన లెక్కల ప్రకారం 2022 నాటికి మన దేశంలో చాలినంత ఒంటి కదలిక లేని మగవాళ్ళు నూటికి 42 మందయితే, ఆడవాళ్ళు 57 మంది. ఇంత పని చేస్తున్నామనుకునే మనమే ఎక్కువ! పని చాలక కాదు, తెరపి లేక.

“ఏడాదికోసారి కొండెక్కుతున్నాం కదా” అంటారు ఇంకొందరు. స్వామి మొక్కు స్వామిదే, దాన్ని నేనేమీ అనను. కానీ పన్నెండు నెలలు కుర్చీలో కూర్చుని ఒక్క తెల్లవారుజామున అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కితే, దిగి వచ్చాక మూడు రోజులు పిక్కలు పట్టుకుని మూలగడం అందరమూ చూస్తున్నదే. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎవరి మోకాళ్ళు ఏమంటాయో వాళ్ళకే తెలుసు. వారానికి మూడు రోజులు ఆ యంత్రం లాగి చూడండి, శ్రీవారిమెట్టు 2388 మెట్లయినా, అలిపిరి దారయినా ఎంత తేడాగా ఉంటుందో మీ పిక్కలే చెబుతాయి.

మొదలుపెట్టేవాళ్ళకు నాలుగు మాటలు. కోచ్‌లు చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. చీర పనికిరాదు. చుడీదార్ అయితే వెనక కుచ్చె సీటు చక్రాల కింద పడి చిరుగుతుంది, ముందుకు తీసి దోపుకోండి. చున్నీ ఇంట్లో. జడ పొడవైతే ముడి వేయండి. పాదం వెడల్పుగా ఉన్నచోట పట్టీ బిగించండి. చక్రం పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న మీట ఉంటుంది. కుర్రాళ్ళు దాన్ని పదిలో పెట్టి మీసం మెలేస్తారు. అది బలానికి కొలత కాదు, సైకిలు గేరు లాంటిది. మీరు 3కీ 5కీ మధ్య ఉంచండి. లాగినంత సేపటికి రెట్టింపు సమయం తిరిగి రావడానికి తీసుకోండి. నిమిషానికి ఇరవై లాగుళ్ళు చాలు. మొదటి వారం ఐదు నిమిషాలు లాగి, దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఐదు నిమిషాలు. పక్కావిడతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత వేగమే మీ వేగం. (ఈ కొలత మనకు మరీ సులువు.) నెలా నెలన్నరకు ఇరవై నిమిషాలకు చేరతారు. సియోల్‌లో వాళ్ళు లాగిన 2000 మీటర్లు మీరు పన్నెండు నిమిషాల్లో లాగినా చిన్నతనం లేదు.

సీటు మన బరువు మోస్తుంది కనక పరుగులో లాగా మోకాళ్ళ మీద దెబ్బ పడదు. అయినా మోకాళ్ళు అరిగినవాళ్ళు పూర్తిగా ముందుకు ముడుచుకోకుండా సగం దాకా వచ్చి ఆగాలి. నడుం గూనిగా వంచి లాగితే మాత్రం నొప్పి కొని తెచ్చుకున్నట్టే. ఇంకొకటి, దీన్ని ఎవరూ పైకి అనరు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర ముందుంది. ముప్పై అయిదేళ్ళకే తీసేసినవాళ్ళు మన బంధువుల్లోనే ఉంటారు. అలాంటివాళ్ళూ, రక్తపోటు ఉన్నవాళ్ళూ ముందు డాక్టరమ్మను అడగాలి. వద్దంటే ఎందుకు వద్దో, ఎన్నాళ్ళు వద్దో కూడా అడగాలి. ‘వయసైపోయింది కదమ్మా’ అనేది వైద్యం కాదు.

వీలుకాదనుకునేవాళ్ళు మన సీమ మనిషినే చూడండి. కొంగనపల్లె నారాయణ అనే సైనికుడు మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాడు. ఆ తరవాత తెడ్డు పట్టాడు. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో అనిత అనే అమ్మాయితో జంటగా వెండి పతకం తెచ్చాడు, మరుసటి ఏడాది పారిస్ పారాలింపిక్స్ దాకా వెళ్ళాడు. అదే పడవలో ఆడపిల్ల సగం బరువు లాగింది. ఆమెకు భుజాలు వచ్చేస్తాయని ఎవరూ దిగులుపడినట్టు లేదు.

ఆవేశపడి యంత్రం కొనకండి. మంచివి లక్ష దాటుతాయి. రెండు నెలలు ఎక్కడైనా లాగి, అలవాటైతే అప్పుడు ఆలోచించండి. లేకపోతే అది చీరలు ఆరేసుకునే దండెం అవుతుంది. నా సలహా వేరే ఉంది. అపార్ట్‌మెంటు సంఘాలు గేటుకు రంగులనీ, వినాయకచవితి పందిరనీ ఏటా చందాలు వసూలు చేస్తూనే ఉన్నాయి, ఆ చందా మన ఇంటి ఖర్చులోంచే పోతోంది. వచ్చే ఆదివారం మీటింగులో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఈ మాట ఎత్తండి. “ఎనిమిది అడుగుల పొడవుంటుందమ్మా, జాగా యాడుంది?” అంటారు పెద్దాయన. సెల్లారులో ఏళ్ళ తరబడి కదలని స్కూటర్లు రెండుంటాయి, చూపించండి. అందులో ఒకటి ఆయనదే అయి ఉంటుంది.