“ఎందుకు?” అని అడగడమూ వైద్యమే

పుట్టిన వారానికే ఒక బిడ్డ ధనుర్వాతంతో చనిపోయిందనుకుందాం. ఎందుకు? బొడ్డుతాడును శుభ్రంలేని బ్లేడుతో కోశారు. ఎందుకు? కాన్పు ఇంట్లోనే జరిగింది. ఎందుకు? అర్ధరాత్రి బండి దొరకలేదు, చేతిలో డబ్బూ లేదు. ఆసుపత్రి రికార్డుకు మొదటి జవాబు చాలు. మిగిలిన జవాబులు ఊళ్లోనే ఉంటాయి.

వాటిని వెతికే పని ఊరివాళ్లకే అప్పగిస్తే? జార్ఖండ్, ఒడిశాల్లో ఆదివాసీలు ఎక్కువగా ఉన్న మూడు జిల్లాల్లో ‘ఏక్‌జుట్’ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి 2008 వరకు దీన్ని శాస్త్రీయంగా పరీక్షించింది. 36 ప్రాంతాలను యాదృచ్ఛికంగా రెండుగా విభజించి, 18 చోట్ల మహిళా బృందాలు నెలనెలా కలిసేలా ఏర్పాటు చేసింది. వాటిని నడిపింది డాక్టర్లు కాదు, స్థానిక మహిళలే. కథలు, బొమ్మల కార్డులు, ఆటలతో సమస్యలను గుర్తించారు. పరిష్కారాలను తామే ఎంచుకుని అమలు చేశారు, ఫలితాన్నీ తామే బేరీజు వేసుకున్నారు.

2010లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, బృందాలున్న చోట నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువ. కొత్త మందు లేదు, కొత్త ఆసుపత్రి లేదు. వైద్యం కోసం వెళ్లేవారి సంఖ్యలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాన్పు చేసేవారు చేతులు కడుక్కోవడం, బొడ్డు కోతలో శుభ్రత, తల్లిపాలు మాత్రమే పట్టడం వంటి ఇంటి అలవాట్లు మారాయి. తర్వాత ఐదు జిల్లాల్లో ఆశా కార్యకర్తలే ఈ బృందాలను నడిపినప్పుడు, ప్రతి వెయ్యి జననాలకు మరణాలు 30గా నమోదయ్యాయి. బృందాలు లేని చోట అవి 44. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

దీన్ని మరో ‘అవగాహన సదస్సు’గా చూస్తే అసలు విషయం జారిపోతుంది. సదస్సులో ఒకరు చెబుతారు, మిగతావారు వింటారు. ఇక్కడ అందరూ అడుగుతారు. పేదరికం, దూరం, ఇంట్లో కోడలి మాటకు విలువ లేకపోవడం కూడా రోగకారణాలేనని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు.

అయితే ఊరి చొరవను చూపించి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు. మహిళా బృందం రోడ్డు వేయలేదు, ఖాళీగా ఉన్న నర్సు పోస్టును నింపలేదు. రోడ్డు కావాలని గట్టిగా అడగగలదు. ఆ అడిగే గొంతుకు జవాబు చెప్పే యంత్రాంగం ఉంటేనే ఈ పద్ధతి నిలబడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘం లేని ఊరు అరుదు. వాయిదాలు, వడ్డీల లెక్క అయ్యాక నెలకో గంట “ఎందుకు?” అనే ప్రశ్నకు కేటాయించడానికి కొత్త భవనమేమీ అక్కర్లేదు. ఆశా కార్యకర్తకు ఆ గంటకు తగిన శిక్షణ, తగిన వేతనం మాత్రం కావాలి. టార్గెట్ల పట్టికలో ఆ గంటకు ఇంకా గడి లేదు. ముందు ఆ గడి గీయాలి.