ఆరోగ్య మార్గము: రెండు రిపోర్టులు రెండు మాటలు చెప్పినప్పుడు

ఈ నెల ఒక్క ఉత్తరమునకే జవాబు వ్రాస్తున్నాము. ఇటువంటి చిక్కు మన సంఘములలో చాలామందికి వస్తున్నది గనుక కొంచెము వివరముగా వ్రాయవలసి వచ్చింది.

మంచిర్యాల వైపు ఒక పల్లె నుండి ఒక సహోదరి మూడు స్కానింగు రిపోర్టుల జిరాక్సులు జతపరచి వ్రాశారు. ఆమె వయస్సు నలభై ఆరు. గొంతులో థైరాయిడ్ గ్రంథి కుడి వైపున గడ్డ ఉన్నదని 2022లో కరీంనగరులో తీసిన స్కానింగులో తెలిసింది. కొలత 18 × 12 × 11 మిల్లీమీటర్లు, ప్రక్కన "టైరాడ్స్ 3" అని ఉన్నది. 2024లో మంచిర్యాలలో తీయిస్తే 21 × 12 × 10, టైరాడ్స్ 4. భయపడి రెండు నెలలకు హైదరాబాదు వెళ్ళారు. అక్కడ 19 × 12 × 11, మళ్ళీ టైరాడ్స్ 3. "పెరిగి మళ్ళీ తగ్గిందా? ప్రార్థన వలన తగ్గిందని మా అత్తమ్మ అంటున్నది. మిషను మంచిది కాదని మా ఆయన అంటున్నాడు. తెలిసిన డాక్టరు ఒకరు ఆపరేషన్ చేయించుకొమ్మన్నారు. ఎకరం పొలం కుదువ పెట్టుదామని ఇంట్లో మాట్లాడుతున్నారు. ఏ కాగితమును నమ్మాలి?" అని అడిగారు.

సహోదరీ, పొలము సంగతి ముందు చెప్తాము. ఈ మూడు కాగితములను చూచి కుదువ పెట్టవద్దు. ఎందుకో చెప్తాము.

ముందుగా కొలతల సంగతి. గడ్డ మామిడికాయ వలె గుండ్రని వస్తువు, స్కానింగులో కనబడేది దాని అడ్డకోత మాత్రమే. కాయను ఏటవాలుగా కోస్తే పొడవు ఎక్కువ వస్తుంది, తిన్నగా కోస్తే తక్కువ వస్తుంది. చేతిలోని పరికరమును గొంతుపై కొంచెము గట్టిగా అదిమినా లోతు తగ్గి పొడవు పెరుగుతుంది. అందుచేత ఒక్క కొలతను పట్టుకొని పెరిగిందనుకోకూడదు. మూడు కొలతలను గుణించి, వచ్చిన దానిని 0.52తో గుణిస్తే గడ్డ పరిమాణము సుమారుగా వస్తుంది. మీ మూడు రిపోర్టులను అలా లెక్కిస్తే మొదటిది 1.24 మి.లీ., రెండవది 1.31, మూడవది 1.30. మొదటి దానికి, రెండవ దానికి నూటికి ఆరు పాళ్ళ తేడా మాత్రమే. నిజముగా పెరిగింది అనడానికి డాక్టర్లు పెట్టుకున్న కొలబద్ద వేరు. కనీసము రెండు కొలతలలో నూటికి ఇరవై పాళ్ళు, రెండు మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా పెరగాలి, లేదా మొత్తము పరిమాణము సగము వంతు పెరగాలి. మీ గడ్డ ఆ దరిదాపుల్లో లేదు. పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

ఇక టైరాడ్స్ సంగతి. చాలామంది ఇక్కడే పొరబడతారు, "మూడవ స్టేజి, నాలుగవ స్టేజి" అనుకొని ఏడుస్తారు. అది క్యాన్సరు స్టేజి కానే కాదు. గడ్డ రూపమును చూచి వేసే మార్కుల లెక్క అది. 2017లో అమెరికా రేడియాలజీ డాక్టర్ల సంఘము ఇచ్చిన పట్టికలో గట్టి గడ్డకు 2 మార్కులు. చుట్టూ ఉన్న గ్రంథి రంగులోనే ఉంటే మరొక 1, గ్రంథి కంటే నల్లగా కనబడితే 2. మొత్తము 3 అయితే మూడవ తరగతి, 4 నుండి 6 వరకు నాలుగవ తరగతి. అంటే ఒక డాక్టరు కంటికి "సమానమైన రంగు", మరొక డాక్టరు కంటికి "కొంచెము నలుపు" అయితే చాలు, రిపోర్టు మారిపోతుంది. గడ్డ మాత్రము ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా టైరాడ్స్ పట్టికలు ఒకటి కాదు. ఐరోపా వారి పట్టికలో మూడవ తరగతి గడ్డ 20 మిల్లీమీటర్లు దాటితే సూది పరీక్ష చేయమంటారు. అమెరికా పట్టికలో 25 వరకు ఆగమంటారు. ఏ పట్టిక ప్రకారము వ్రాశారో రిపోర్టు మీద చాలాసార్లు ఉండనే ఉండదు. అడగాలి.

అయినా మీ రెండవ రిపోర్టును పారవేయమని చెప్పడము లేదు. అమెరికా పట్టికలో నాలుగవ తరగతి గడ్డ 15 మిల్లీమీటర్లు దాటితే సూది పరీక్ష కావాలి. మూడవ తరగతి అయితే మీ కొలతకు కనిపెట్టి ఉంటే చాలు. అందుచేత మూడు స్కానింగుల ఫిల్ములను, కాగితములను కాదు, ఒకే రేడియాలజీ డాక్టరు ముందు ప్రక్క ప్రక్కన పెట్టించి తేల్చుకోండి. అప్పటికీ తేలకపోతే సూది పరీక్ష చేయించుకోండి. ఎఫ్.ఎన్.ఏ.సి. అంటారు. సన్నని సూదితో గడ్డలో నుండి కొన్ని కణములను తీసి చూస్తారు. కోత ఉండదు, ఆ రోజే ఇంటికి వస్తారు. ఆదిలాబాదు రిమ్స్, వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో అడగండి. "కణములు చాలలేదు" అని వస్తే అది మంచీ కాదు, చెడూ కాదు, మళ్ళీ తీయాలి అని మాత్రమే అర్థము. "ప్రమాదము లేనిది" అని వస్తే ఆపరేషన్ తొందర లేదు. సూది పరీక్ష తరువాత కొద్ది నెలల లోపల తీసిన స్కానింగులో గడ్డ రూపము వింతగా కనబడవచ్చు, సూది గుచ్చిన సంగతి చెప్పండి.

ఆపరేషన్ అవసరమైన వారికి అది మేలే. అవసరము లేనివారికి మాత్రము చిన్న సంగతి కాదు. గ్రంథి అంతా తీస్తే జీవితాంతము రోజూ మాత్ర వేసుకోవాలి. కంఠస్వరపు నరమునకు దెబ్బ తగలవచ్చు, కాల్షియం తగ్గి చేతులు కొంకర్లు పోవచ్చు. పాటల గుంపులో పాడే సహోదరికి గొంతు బొంగురుపోవడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. దక్షిణ కొరియాలో 1999 తరువాత ఆరోగ్య పరీక్షలలో భాగముగా గొంతు స్కానింగులు విరివిగా తీశారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు అని తేలినవారు 1993 కంటే పదిహేను రెట్లు అయ్యారు. ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రము మారలేదు. అంటే ఎన్నటికీ హాని చేయని చిన్న గడ్డల కొరకు ఎంతోమంది గొంతులు కోయించుకున్నారు. ఇటలీలో ప్రమాదము లేనివని తేలిన గడ్డలు ఉన్న 992 మందిని ఐదేండ్లు కనిపెట్టి 2015లో ప్రకటించారు. నూటికి పదిహేను మందిలో గడ్డలు పెరిగాయి, పద్దెనిమిది మందిలో తగ్గాయి. ఆ గడ్డలలో క్యాన్సరు తేలినవి ఐదే ఐదు.

మీ అత్తమ్మగారిని కోప్పడవద్దు. ప్రార్థన చేయనివ్వండి, మీరూ చేయండి. హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించినప్పుడు దేవుడు విన్నాడు, అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. కాని గొంతు మీద వాతలు పెట్టించడము, పసర్లు పూయించడము మాత్రము వద్దు. చర్మము చెడిపోతే తరువాత డాక్టరుకు చూడటము కష్టమవుతుంది.

నీరు నిండిన గడ్డలు కొన్ని ఉంటాయి. లోపల రక్తము చిమ్మి ఒక్క రాత్రిలో నిమ్మకాయంత ఉబ్బి నొప్పి పెడతాయి, చాలాసార్లు కొన్ని వారములలో అవే తగ్గుతాయి. అయినా ఒకసారి చూపించుకోవాలి. తరువాతి స్కానింగు తేదీ వరకు ఆగకూడని మార్పులు వేరే ఉన్నవి. గట్టి గడ్డ వారాలలోనే పెరగడము, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడము, మెడ ప్రక్కన కొత్త బిళ్ళలు, మింగుటకు గాని ఊపిరికి గాని అడ్డము. పిల్లలలో గడ్డ కనబడినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సరు వచ్చి ఉన్నా వెంటనే వెళ్ళాలి. ఒకవేళ ఆపరేషనే కావలసి వస్తే, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగిన తరువాతనే అప్పు సంగతి ఆలోచించండి.

ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు పాఠకులకు ఇంకొక మాట. ఆదిలాబాదు ఏజెన్సీలో అయోడిన్ లోపము వలన గొంతు వాపు ఉన్నదన్నది పాత సంగతి. ఆ లోపము ఉన్నచోట గడ్డలు ఎక్కువ. మన దేశములో గాయిటర్ నివారణ కార్యక్రమము 1962లోనే మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తినుటకు అమ్మరాదని 1998లో దేశమంతటా నిషేధించి, 2000లో ఎత్తివేసి, 2006 నుండి మళ్ళీ అమలు చేశారు. అయినా సంతలో విడిగా పోసి అమ్మే దొడ్డుప్పులో అయోడిన్ ఉన్నదో లేదో కంటికి తెలియదు. ప్యాకెట్టు మీద వ్రాసి ఉన్నదే కొనండి. ఉన్న గడ్డ దానితో కరగదు, ఇంట్లోని పిల్లలకు, గర్భిణులకు అది కావాలి. ఉప్పును కడగవద్దు, ఎండలో పెట్టవద్దు. పొయ్యి ప్రక్కన తెరిచి ఉంచక మూత ఉన్న డబ్బాలో పోసుకోండి.