చిరునామాయే నేరమా?

మా బస్తీ యువకుడొకడు ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకులో రుణాల విభాగం ఉద్యోగి. నెలనెలా టార్గెట్లు, తప్పితే అందరి ముందు చీవాట్లు, జుమా నమాజుకు గంట అనుమతి కోసం ప్రాధేయపడటం, అన్నీ ఓర్చుకున్నాడు. కానీ తండ్రి దర్జీ దుకాణానికి అప్పు కోరితే, ‘నెగెటివ్ ఏరియా’ అంటూ నోటిమాటతోనే దరఖాస్తును తోసిపుచ్చారు. లెక్కలు సరిగానే ఉన్నాయి, చిరునామాయే నేరమైంది. ఊరందరికీ అప్పులిప్పించినవాడు సొంత వీధికి ఇప్పించలేకపోయాడు!

ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ఇలాగే వెలివేశాయని సచార్ కమిటీ 2006లోనే నివేదించింది. బ్యాంకు ఉద్యోగుల్లో మనవారు 2.2 శాతమేననీ తేల్చింది.

రుణ తిరస్కరణకు కారణాన్ని బ్యాంకులు రాతపూర్వకంగా తెలపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ కాగితం అడగండి. దస్త్రాల మధ్య జీవితం గడిపిన గుమాస్తాగా చెబుతున్నాను: రాయడానికి జంకే కారణం న్యాయమైనది కాదు.