సెన్సర్ ఉంటే సరిపోదు

పోయిన సెలవుల్లో ఇందుకూరుపేట దగ్గర మా మామ రొయ్యల గుంటకి ఆక్సిజన్ సెన్సర్ పెట్టాను. అది నా మినీ ప్రాజెక్టు. ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కరెంటు బిల్లు భయంతో మామ రాత్రిపూట ఏరియేటర్లు సగమే తిప్పేవాడు. ఒక రోజు తెల్లవారుజామున మూడున్నరకి మెసేజ్ వచ్చింది. మామ ఐదింటికి లేచాడు. అప్పటికే రొయ్యలు పైకి తేలున్నాయి.

"నీ మిషను బాగానే చెప్పిందబ్బయా, నేనే వినలా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

పగలు నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ వదుల్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగు మట్టిలో బాక్టీరియా కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లారేముందు బాగా పడిపోతుంది. ఇది మన తీరంలో రొయ్యలు వేసే ప్రతి ఇంటికీ తెలుసు. నాకు తెలియనిదల్లా, నా సెన్సర్ కంటే ముందే రొయ్యల కణాల్లో సెన్సర్లు ఉన్నాయని.

కణం హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్‌ని ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు ఒక ఎంజైము ఆ ఆక్సిజన్‌నే వాడుకుని హెచ్‌ఐఎఫ్ మీద గుర్తు పెడుతుంది. గుర్తు పడినదాన్ని కణం నిమిషాల్లో ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పెట్టడం కుదరదు. హెచ్‌ఐఎఫ్ మిగిలిపోయి, ఆక్సిజన్ లేకుండానే చక్కెర నుంచి శక్తి తీసే జీన్లని ఆన్ చేస్తుంది. కణాలు ఆక్సిజన్‌ని ఇలా పసిగడతాయని కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి 2019లో నోబెల్ వచ్చింది. మనం పెంచే వనామీలోనూ హెచ్‌ఐఎఫ్ ఉంది.

మొదట చదివినప్పుడు, తయారు చేసి పారేయడం ఎంత వేస్టో అనుకున్నా. తర్వాత అర్థమైంది. అక్కడ కాపాడే పని ఎప్పుడూ మొదలవడానికి సిద్ధంగా ఉంటుంది, ఆక్సిజన్ దాన్ని ఆపుతూ ఉంటుంది. ఆపేది లేకపోతే పని దానంతటదే మొదలవుతుంది. నా ప్రాజెక్టులో అంతా తిరగబడింది. నెట్ పోయినా, మనిషి నిద్రపోయినా ఏమీ జరగదు. ఎక్స్‌పోల్లో మనం పెట్టే ప్రాజెక్టులు చాలావరకు ఇంతే. గ్రాఫ్ చూపిస్తాయి, మెసేజ్ పంపిస్తాయి, మిగతాది ఎవరో చూసుకోవాలి.

హెచ్‌ఐఎఫ్ రొయ్యకి కాస్త టైము ఇస్తుందంతే. గుంటలోకి గాలి పంపాల్సింది మనమే. అందుకే కోడ్ తిప్పి రాస్తున్నా. రాత్రంతా ఏరియేటర్లన్నీ ఆన్‌లోనే ఉంటాయి. ఆక్సిజన్ బాగుందని సెన్సర్ చెప్తూ ఉంటేనే సగం ఆగుతాయి. సెన్సర్ పాడైతే అన్నీ తిరుగుతాయి.

మామకి చెప్తే ఒకటే అడిగాడు: "బిల్లెవరు కడతారబ్బయా?" సెన్సర్ సరిగ్గా పనిచేసిన రాత్రి బిల్లు పెద్దగా పెరగదు. పాడైన రాత్రి పెరుగుతుంది. ఒక పంట పోవడం కంటే అది తక్కువేనని ఆయన్ని ఒప్పించాలి.