గృహ నిర్మాణానికి కలప కొరత: భారం సొంతిల్లు కట్టుకునేవారిపైనే

ఇంటి నిర్మాణ వ్యయం గురించి చర్చ వచ్చినప్పుడల్లా సిమెంటు, ఉక్కు ధరలే ముందుకు వస్తాయి. అవి పెరిగితే పత్రికలలో వార్త అవుతుంది, శాసనసభలో ప్రశ్న అవుతుంది. కలప ధర పెరిగితే మాత్రం ఆ సంగతి టింబరు డిపోలో ఇంటి యజమానికీ, వడ్రంగికీ మధ్యనే ముగిసిపోతుంది. అయితే గత మూడు దశాబ్దాలుగా దేశంలో కలప ధరను నిర్ణయిస్తున్నది డిపో యజమాని కాదు. సుప్రీంకోర్టు ఉత్తర్వులు, పొరుగు దేశాల ఎగుమతి నిషేధాలు, ఓడల కిరాయిలు కలసి దానిని నిర్ణయిస్తున్నాయి.

అడవుల ప్రథమ ప్రయోజనం పర్యావరణ సమతుల్యమే గాని రాబడి కాదని 1988 నాటి జాతీయ అటవీ విధానం ప్రకటించింది. కలపపై ఆధారపడిన పరిశ్రమలు తమ ముడిసరకును రైతుల నుంచి సమకూర్చుకోవాలని సూచించింది. 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన నిర్మాణాలలో కలప వాడకాన్ని నిషేధించింది. అసలు మలుపు 1996 డిసెంబర్ 12న వచ్చింది. నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో అడవుల నరికివేతపై టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ 1995లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు ఆనాడు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఒక్క జిల్లాకు పరిమితం కాలేదు. కేంద్రం ఆమోదించిన కార్య ప్రణాళికల ప్రకారం తప్ప దేశంలోని ఏ అడవిలోనూ చెట్లు కొట్టరాదని కోర్టు ఆదేశించింది. ఈశాన్యంలోని ఏడు రాష్ట్రాల నుంచి కలప రైలు, రోడ్డు, జల మార్గాలలో దేని ద్వారానూ బయటికి పోరాదన్నది. అరుణాచల్ ప్రదేశ్‌లోని తిరప్, చాంగ్లాంగ్ జిల్లాలలో సామిల్లులు, ప్లైవుడ్ మిల్లులను తక్షణం మూసివేయాలన్నది. అంతవరకు ప్లైవుడ్ పరిశ్రమకు ఈశాన్య అడవులే ఆయువుపట్టు. ఆ తరువాత ఈ పరిశ్రమలో ప్రాధాన్యం పోప్లార్ తోటలున్న హర్యానాలోని యమునానగర్‌కు, రబ్బరు కలప దొరికే కేరళలోని పెరుంబావూరుకు మారింది.

అడవుల దృష్ట్యా ఆ ఉత్తర్వు అవసరమే. కాని తలుపులు, కిటికీల అవసరం కోర్టు ఉత్తర్వుతో ఆగిపోలేదు. అది సముద్రం దాటింది. గుజరాత్‌లోని కాండ్లా రేవులో దుంగలు దిగడం, పక్కనే ఉన్న గాంధీధామ్‌లో సామిల్లులు విస్తరించడం ఈ క్రమంలో జరిగినవే. బర్మా టేకు, మలేసియా గట్టి కలప, న్యూజిలాండ్, ఉరుగ్వేల పైన్, ఆఫ్రికా దేశాలు, ఈక్వడార్ తోటల టేకు వంతులవారీగా భారత విపణిలోకి వచ్చాయి.

భారత్ ఒక్కటే ఇలా చేయలేదు. ఇండోనేసియా 1985లో దుంగల ఎగుమతిని నిషేధించింది. వరదల అనంతరం థాయిలాండ్ 1989లో నరికివేతను ఆపింది. 1998 యాంగ్‌ట్సీ వరదల తరువాత చైనా సహజ అడవులను కాపాడుకునే పని చేపట్టింది. ఒక్కొక్క అడవికి తాళం పడే కొద్దీ కొనుగోలుదారులందరూ మిగిలిన కొద్ది అడవులపైనే పడ్డారు. వాటిలో ముఖ్యమైన మయన్మార్ కూడా 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. అక్కడి టేకు దుంగలకు ప్రధాన కొనుగోలుదారులలో భారత్ ఒకటి కావడంతో ఆ దెబ్బ ఇక్కడ గట్టిగానే తగిలింది. డిపోలలో నేటికీ బర్మా టేకు పేరు చెలామణిలోనే ఉంది. ఆ పేరుతో చూపే దుంగ ఏ ఖండం నుంచి వచ్చిందో కొనేవారికి తెలిసే వీలు మాత్రం తక్కువ.

కలప ధర పెరిగినంత మాత్రాన ఇళ్ల ధరలు అదే నిష్పత్తిలో పెరుగుతాయా అంటే అది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ఇళ్ల చట్రమే చాలావరకు కలపతో కడతారు. 2021 మేలో అక్కడి ఫ్యూచర్స్ మార్కెట్‌లో కలప ధర వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటింది. ఈ ధరల పెరుగుదల వల్ల కొత్త ఇంటి సగటు ధర దాదాపు 36,000 డాలర్లు పెరిగిందని అక్కడి గృహ నిర్మాతల జాతీయ సంఘం ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అంచనా వేసింది. భారత్‌లో ఇల్లు ఇటుక, కాంక్రీటుపై నిలుస్తుంది. నగరాలలో ఫ్లాటు ధరను స్థలం నిర్ణయిస్తుంది. కలప ప్రియమైతే బిల్డరు ఫ్లష్ తలుపులకు, ప్లాస్టిక్ కిటికీలకు మారతాడు. ఆ మార్పు కొనుగోలుదారు చెల్లించే ధరలో కనిపించదు.

కనిపించేది సొంతంగా ఇల్లు కట్టుకునేవారి లెక్కలో. తెలుగునాట ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం చూస్తారు, పసుపు కుంకుమలు పెడతారు. అక్కడ ప్లాస్టిక్ పెట్టమంటే ఇంటి పెద్ద ఒప్పుకోవడం కష్టం. వీధి గుమ్మానికి టేకు, లోపలి గదులకు వేప లేదా మద్ది, కిటికీలకు ఇనుము అన్న సర్దుబాటు అందుకే జరుగుతున్నది. పేదల పరిస్థితి ఇంకా ఇరుకు. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస యోజన కింద మైదాన ప్రాంతాలలో ఇంటికి ఇచ్చే సాయం 2016లో 1.20 లక్షల రూపాయలు. పథకాన్ని 2024లో మరో 2 కోట్ల ఇళ్లకు పొడిగించినప్పుడు కూడా ఆ మొత్తం మారలేదు. గోడలు, కప్పు పూర్తయ్యాక తలుపు వంతు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలని లబ్ధిదారుకు దుంగ ఏ దేశానిదన్నది అప్రస్తుతం.

దేశంలో చెట్లు లేక ఈ దుస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. అడవుల వెలుపలి చెట్ల నుంచి ఏటా 9 కోట్ల ఘనపు మీటర్లకు పైగా పారిశ్రామిక కలప లభించే అవకాశం ఉందని భారత అటవీ సర్వే 2023 నివేదిక అంచనా. అయితే రైతు తన గట్టు మీది టేకు చెట్టు కొట్టాలన్నా, లారీలో తరలించాలన్నా అనుమతులు కావాలి. నిబంధనలు రాష్ట్రానికొక తీరు. టేకు చేతికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అందువల్ల రైతులు త్వరగా ఎదిగే జామాయిల్, సుబాబుల్, పోప్లార్‌ల వైపు మొగ్గుతున్నారు. వాటిలో అధిక భాగం కాగితం, ప్లైవుడ్ మిల్లులకే చేరుతున్నది గాని ద్వారబంధాలకు కాదు.

ప్రభుత్వ వైఖరిలో సడలింపు లేకపోలేదు. అడవుల వెలుపల పెంచిన వెదురును 2017లో చట్టంలోని చెట్ల నిర్వచనం నుంచి తొలగించారు. ప్రజా పనుల శాఖ తన నిషేధాన్ని 2020లో ఎత్తివేసింది. కలప రవాణా అనుమతులకు దేశవ్యాప్త ఆన్‌లైన్ విధానాన్ని 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. పన్నుల విషయంలో మాత్రం ఈ సడలింపు కానరాదు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీని సవరించినప్పుడు సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. కలప దుంగలపైన, కోసిన చెక్కపైన అది పాత 18 శాతం వద్దనే నిలిచింది.