బాడీ కౌంట్ పాటలో వర్ణమూ వర్గమూ

అమెరికా అధ్యక్ష ఎన్నికలు ముగిసిన రెండు వారాలకు, 2024 నవంబరు 22న, లాస్ ఏంజెలెస్ మెటల్ సంగీత బృందం ‘బాడీ కౌంట్’ తన ఎనిమిదవ ఆల్బమ్ ‘మెర్సిలెస్’ను విడుదల చేసింది. నల్లజాతి కళాకారులు ఐస్-టి, ఎర్నీ సి 1990లో స్థాపించిన బృందమిది. తెల్లవారిదిగా ముద్రపడిన సంగీతంలో మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. కొత్త ఆల్బమ్‌లో ఒక పాట రెండు ప్రధాన పార్టీలనూ క్రిప్స్, బ్లడ్స్ అనే వీధి ముఠాలతో పోలుస్తుంది. పింక్ ఫ్లాయిడ్ వారి ‘కంఫర్టబ్లీ నంబ్’కు ఐస్-టి కొత్త చరణాలు కట్టగా, డేవిడ్ గిల్మోర్ స్వయంగా గిటారు వాయించాడు.

దీన్ని ‘చీలిన అమెరికా’ గోడుగా వినడం సులభం. ముఠాల పోలిక అందుకు తావిస్తుంది కూడా. నా అభ్యంతరం అక్కడే. చీలిక అన్నప్పుడు ఒకే ఎత్తున ఉన్న రెండు ముక్కలు మనసులో మెదులుతాయి. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని 1936లో చెప్పిన అంబేద్కర్ అంతటితో ఆగలేదు. ఆ ముక్కలు ఒకదానిపై ఒకటిగా పేర్చి ఉన్నాయన్నారు.

పై మెట్టుకు పేరుపెట్టే అధికారం కూడా ఉంటుంది. 1992లో ఈ బృందం ‘కాప్ కిల్లర్’ పాటపై పోలీసు సంఘాలు బహిష్కరణకు పిలుపునిచ్చాయి, ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఖండించాడు, చివరకు ఐస్-టి దాన్ని ఆల్బమ్ నుంచి తొలగించాడు. అది రాక్ పాట అని అతడు ఎంత చెప్పినా, రాజకీయ నాయకులూ పత్రికలూ ‘ర్యాప్’ అనే పిలిచారు. వాద్యాలు వినిపించలేదు, చర్మం కనిపించింది. ఆ రాక్ సంగీతానికి పునాది వేసిన వారిలో సిస్టర్ రోసెటా థార్ప్, చక్ బెర్రీ ఉన్నారన్నది ఎవరికి గుర్తుంది?

అందుకే ‘మెర్సిలెస్’ కంటే 2017 నాటి ‘నో లైవ్స్ మ్యాటర్’ నాకు విలువైనదిగా తోస్తుంది. నల్లజాతి ప్రాణాల గురించి మాట్లాడుతుంటే ‘అందరి ప్రాణాలూ’ అనడం ఆ మాటను పలుచన చేయడమేనని ఐస్-టి మొదట తేల్చి చెబుతాడు. ఆ తర్వాతే, ఏ రంగు వాడైనా పేదవాడి ప్రాణానికి ఈ వ్యవస్థలో విలువ లేదంటాడు. ఈ వరుస ముఖ్యం. అణచివేత పేరు చెప్పాకే అతడు పేదరికం దగ్గరికి వచ్చాడు.

మన దేశంలో ఈ వరుస తలకిందులైంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణ పేదరికం పేరుతోనే పది శాతం రిజర్వేషన్ కల్పించి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలను అందులోంచి మినహాయించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. జస్టిస్ రవీంద్ర భట్, ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ విభేదించారు. పేదల్లో అత్యధికులు ఏ వర్గాలవారో, వారినే బయట ఉంచడం ఏ సమానత్వమన్నది ఆ భిన్న తీర్పు లేవనెత్తిన ప్రశ్న.